వరస కలిపినందుకు

మా ఆడబిడ్డ సాక్షి ముఖం ఏడాదిపాటు నాందేడ్ బస్టాండు ఎదుట వేలాడింది. ఏం నేరం చేసిందని? చదువుకుంది, అంతే.

ముందటేడు చలికాలంలో గజానన్‌రావు ట్రస్టువాళ్లు సాక్షికి నాందేడ్‌లో హాస్టల్ సీటు ఇప్పించారు. ఇప్పించినవాళ్లు ఊరికే ఉంటారా? పిల్ల చేతిలో ఒక దుప్పటి పెట్టి, ఫొటో తీసి, గోడంత ఫ్లెక్సీ చేయించి కట్టారు. అందులో గజానన్‌రావు పళ్లన్నీ బయటపెట్టి దుప్పటి ఇస్తుంటాడు, మా పిల్ల తల వంచుకుని అందుకుంటుంటుంది. కింద మరాఠీలో 'గరజూ విద్యార్థినీ' అని ఎర్రటి అక్షరాలు. గరజూ అంటే లేనివాళ్లు, ఇంకొకరి చేతికేసి చూసేవాళ్లు అని. చిత్రం ఏమిటంటే ఆ మాట మా తెలుగులో కూడా ఉంది. ఎవరైనా మీదమీదికి వస్తే "నాకేం గర్జు?" అంటాం, నీతో నాకేం పని పో అని. మరాఠీలో చెయ్యి చాపే మాట మా నోట్లో చెయ్యి దులుపుకునే మాట అయింది. కానీ కాలేజీ పిల్లలకు ఈ సంగతులన్నీ ఎందుకు? వాళ్లు మా పిల్లకు సాక్షి అన్న పేరు తీసేసి గరజూ అని పెట్టారు.

ఇదంతా అది మాకు చెప్పలేదు. ఎండకాలం సెలవులకు వచ్చింది, మామూలుగానే ఉంది, మామూలుగానే నవ్వింది. వానలు పడి కాలేజీ తెరిచాక, సంచి సర్దుకొమ్మంటే అప్పుడు చెప్పింది.

"నేను పోను వదినా. ఇంకో ఏడాది నా బొమ్మ కిందికెల్లి నేనే నడుసుకుంట పోవుడు నాతోని గాదు."

ఇంకొక్క ఏడాది చదివితే బీఎస్సీ చేతికి వస్తుంది. మా పుట్టింట్లో గానీ ఈ ఇంట్లో గానీ అంతదాకా వచ్చినవాళ్లు లేరు. నేను పదో తరగతిలో ఆగిపోయి కుట్టుమిషను తొక్కుకుంటున్నదాన్ని. సాక్షి చదువు ఆగితే నా పక్కన ఇంకో మిషను వేసుకుని కూర్చోవలసిందే. ఆ మాట తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండిపోయేది. ఎవరి మీద చూపించాలో తెలియక నా మొగుడు నాగనాథ్ మీద చూపించేదాన్ని. పాపం, ఆయన ఏం చేశాడు? ఏమీ చేయలేదు. అదే నా కోపం.

ఆ పంచాయితీ తేలకముందే మంజీర మా ఊళ్లోకి వచ్చింది.

మాది బిలోలి తాలూకాలో నది ఒడ్డు ఊరు. సోయా కాయ పట్టే రోజులు. పైన ఎక్కడో గేట్లు ఎత్తారన్నారు, ఇక్కడ వాన ఆగలేదు. పొద్దున లేచి చూస్తే చేను లేదు, బాట లేదు, బురదనీళ్లు తప్ప ఏమీ లేదు. మధ్యాహ్నానికి నీళ్లు మా గడప దాటాయి. నాగనాథ్ నా కుట్టుమిషను నెత్తిన పెట్టుకున్నాడు, నేను మా అత్త ఎంకవ్వ చెయ్యి పట్టుకున్నాను, సాక్షి మేకను పట్టుకుంది. ఊరంతా మిట్టమీద ఉన్న జిల్లా పరిషత్ బడికి చేరాం.

ఒక్కో గదిలో నాలుగైదు ఇళ్లవాళ్లం. మొదటి రోజుల్లో మాకు కూడు పెట్టింది ఎవరో ఇప్పటికీ తెలియదు. పై ఊళ్లనుంచి ట్రాక్టర్లలో గుడ్డమూటలు వచ్చేవి. విప్పితే జొన్నరొట్టెలు, నూరిన పచ్చికారం. ఏ మూట ఎవరింటిదో చెప్పేవాళ్లు లేరు, అడిగేవాళ్లూ లేరు. మా అత్త ఒకసారి ఆ కారం నాలిక మీద పెట్టుకుని, "ఈమె ఎవలో గని ఉప్పు జర ఎక్కువేసింది. మనమేమైపోయినమో అని బుగులుతోని నూరినట్టుంది, పాపం," అంది. పెట్టినామె గురించి మాకు తెలిసింది అంతే. తిన్నాం, ఆమె చల్లగా ఉండాలనుకున్నాం, పడుకున్నాం.

నీళ్లు తీయడం మొదలయ్యాక కైలాశ్ వచ్చాడు. గజానన్‌రావు వెంట తిరిగే మనిషి. ఫొటోలు తీసేది, మైకు పట్టేది, ఫ్లెక్సీలు కట్టించేది అన్నీ ఇతనే. గజానన్‌రావుది ధర్మాబాద్‌లో పెద్ద ధాన్యం వ్యాపారం. ఇంట్లో మా తెలుగే మాట్లాడతారు గానీ మైకు దొరికితే మరాఠీ తప్ప నోట్లోంచి ఊడిపడదు. జిల్లా పరిషత్ ఎన్నికలకు నిలబడతాడని అప్పటికే ఊరూరా చెప్పుకుంటున్నారు.

"వహినీ," అని మరాఠీలో వదినా అని పిలిచాడు కైలాశ్ నన్ను, ప్యాంటుకు అంటిన బురద గీక్కుంటూ. "ఎల్లుండి సాహెబ్ అస్తుండు. బియ్యం, పప్పు, నూనె, చీర, ఇంటికో కిట్టు. ఆడోళ్లను లైన్ల నిలవెట్టాలె. అందరికన్న ముంగట సాక్షి ఉండాలె. మైకుల రెండు ముక్కలు మాట్లాడాలె, ట్రస్టు నన్ను ఎట్ల పైకి తెచ్చింది అని. గంతే."

"మాట్లాడకపోతె?"

"గట్ల అనకు వహినీ. హాస్టల్ సీటు ఏటేటా సాహెబ్ ఊఁ అంటెనే గదా నడుస్తది."

బెదిరించినట్టు కూడా కాదు. సాయంత్రం వాన పడేట్టుంది అని చెప్పినట్టు చెప్పి, ఫోను చెవిన పెట్టుకుని వెళ్లిపోయాడు. గట్టిగా అరిచి పోయినా నాకు అంత మండేది కాదు.

నాగనాథ్ వరండాలో కూర్చుని ఉన్నాడు. చేలోంచి పీక్కొచ్చిన సోయా మొక్క ఒకటి చేతిలో ఉంది. కుళ్లిన కాయలు ఒక్కొక్కటే చిదుముతున్నాడు.

"ఒక్క ఫొటోనే గదా," అన్నాడు నా వైపు చూడకుండా. "దిగితె ఏం బోతది? తోలు ఊడుతదా?"

"నీది ఊడదు. నీ ఫొటో ఎవడు గడ్తడు? నీ మొకం జూస్తె బస్సు ఎక్కెటోడు గూడ దిగి ఇంటికి పోతడు."

"నవ్వులాట గాదే. చేను బోయింది. ఇంట్ల బురద నడుముల దాక ఉన్నది. ఇప్పుడు పిల్ల సీటు గూడ పోతె నేను ఏడికెల్లి తేవాలె? చెప్పు, ఏడికెల్లి తేవాలె?"

చెడ్డవాడు కాదు మా ఆయన. భయపడిపోయాడు, అంతే.

గదిలోంచి సాక్షి బయటికి వచ్చింది. అంతా వినే ఉంటుంది, ఆ బడి గోడలకు ఎవరి మాట ఆగుతుంది గనక.

"నిలవడ్త అన్నా. నువ్వు ఫికర్ వెట్టుకోకు," అంది. తర్వాత నాకేసి చూసి, "పోయినేడు తల వంచినప్పుడు ఆ బొమ్మ ఏడ పెడ్తరో తెల్వది వదినా. ఈసారి తెలిసి వంచుత. గంతే తేడా."

దాన్ని తిట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనిపించింది. రెండూ చేయలేక మేకకు ఆకు వేశాను.

మా అత్త గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఏరుతూనే మొదలుపెట్టింది.

"డెబ్బైరెండు కరువుల నేను గింత పోరిని. మా అవ్వతోని పోయి రోడ్డు పని మీద కంకర కొట్టిన. పొద్దుగూకినంక సుకడి పోసెటోళ్లు, తియ్యటి పిండి. కొంగు వడితె కొంగుల పోసెటోళ్లు. అమెరికా నుంచి ఎర్రజొన్నలు అచ్చినయన్నరు. ఆ అమెరికాయన ఎవడో, బక్కగున్నడో బలిసున్నడో నేను జూసిన్నా? వాడు నన్ను జూసిండా? అయినా గింజ కడుపుల పడ్డది గదా."

"అదంత సర్కారు ముచ్చట అత్తా," అన్నాను.

"సర్కారేంది, ఊర్ల గూడ గంతే. ఎవలింట్లనన్న పొయ్యి రాజలేదు అని తెలిస్తె పక్కింటామె చాటల జొన్నలు పోసి, పైన ఇంత చింతచిగురు గప్పి తెచ్చేది. బాటల ఎవలన్న అడిగితె చింతచిగురు ఇయ్యవోతున్న అనేది. ఇచ్చెటోళ్లకు సిగ్గుండె అప్పుడు. ఇప్పుడు ఆ సిగ్గంత తీస్కునెటోళ్ల నెత్తి మీదికి నూకిండ్రు."

"అయితె ఏం జేద్దమంటవు?"

"నాకేం తెలుసు? రానీ ఆయనను. ఏం మాట్లాడ్తడో ఇందాం," అని మళ్లీ రాళ్లలో పడింది.

ఎల్లుండి రానే వచ్చింది. బడి ముందు షామియానా వేశారు, బల్ల మీద కిట్లు పేర్చారు, వెనకాల గజానన్‌రావు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. మనిషే వస్తుంటే మళ్లీ ఆయన బొమ్మ ఎందుకో నాకైతే అర్థం కాలేదు. ముందు సాక్షి, దాని వెనక నేను, నా వెనక పక్కింటి ఉమాబాయి, ఆ వెనక ఊరి కోడళ్లందరూ. మోకాళ్ల నొప్పి అని మా అత్తకు పక్కన కుర్చీ వేశారు. మొగవాళ్లు ప్రహరీగోడ దగ్గర నిలబడ్డారు.

గజానన్‌రావు తెల్లటి బట్టల్లో దిగాడు. ఆ రోజు ఆయనకు తెలుగు గుర్తొచ్చింది. మా ఊళ్లో తెలుగు ఓట్లే ఎక్కువ మరి.

"నేను లీడర్‌ను గాను," అన్నాడు మైకులో. "నన్ను సాహెబ్ అనకుండ్రి. ఈ ఊరు నా ఊరు. మీ ఇంటాయనలందరు నాకు తమ్ముళ్లు. నేను మీ ఇంటి పెద్దకొడుకును!"

కైలాశ్ చప్పట్లు కొట్టాడు, కొట్టమని మాకు సైగ చేశాడు. కొట్టాం. చప్పట్లు ఆగాక మా అత్త చెయ్యెత్తింది.

"ఏమన్నవు బిడ్డా? నాకు జర చెముడు. మల్ల చెప్పు."

మా అత్తకు చెముడేమిటి? గోడ అవతల నేను గొణుక్కున్న మాటకు ఇవతలనుంచి జవాబు చెప్పే మనిషి. అప్పుడే నాకు అనుమానం తగిలింది.

గజానన్‌రావు మురిసిపోయాడు. దిగి వచ్చి, ముసలామె చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, కైలాశ్ కెమెరా ఎటుందో ఒకసారి చూసుకుని, "నీ పెద్దకొడుకును అవ్వా. నాగనాథ్ నా తమ్ముడు," అన్నాడు.

"మైకుల చెప్పు బిడ్డా. ఊరంత ఇననీ."

మైకు తెప్పించుకుని మళ్లీ చెప్పాడు. మా అత్త తృప్తిగా తల ఊపి, మా వరస వైపు తిరిగింది.

"ఇన్నరా పిల్లలూ? బావ అచ్చిండు. కొంగులు గప్పుకోండ్రి."

మా దిక్కున మొగుడి అన్న ఎదుట కోడలు ముఖం చూపదు. కొంగు ముఖం మీదికి లాగి, పక్కకు తిరిగి నిలబడాలి. ఆయన చేతిలోంచి తన చేతిలోకి ఏ వస్తువూ అందుకోకూడదు, కింద పెడితే తీసుకోవాలి. ఈ కాలంలో పెళ్లిళ్లలో తప్ప ఎవరు పాటిస్తున్నారు గనక! పైగా మా ఇంట్లో నాగనాథే పెద్ద, నాకు బావ లేడు, ఆ బాధ తప్పిందనుకుని బతుకుతున్నాను. ఆ రోజు మైకులోంచి ఒక బావ పుట్టుకొచ్చాడు.

అందరికన్నా ముందు ఉమాబాయికి తట్టింది. కిసుక్కున నవ్వి కొంగు ముఖం మీదికి లాక్కుని గోడకేసి తిరిగిపోయింది. దాని వెంబడి నేను. మా వెంబడి వరసంతా. ఒకదాని తర్వాత ఒకటి కొంగులు దిగాయి. కైలాశ్ కెమెరాకు మా వీపులు తప్ప ఏమీ మిగల్లేదు.

"అరే, ఏంది గిది! ఇటు తిరుగుండ్రి, మొకాలు చూపియ్యుండ్రి!"

"ఏందిరా నువ్వు?" అంది మా అత్త. "పెద్దబావ ముంగట కోడండ్లు మొకం చూపిస్తరా? సాహెబ్‌నడుగు, వాళ్లింట్ల రివాజేందో. చేతికెల్లి చేతికి గూడ ఇయ్యరాదు. ఆ కిట్లు అగో, ఆ అరుగు మీద పెట్టి జర పక్కకు జరుగు బిడ్డా. నా కోడండ్లు తీస్కపోతరు."

గోడ దగ్గర మొగవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. కొంగు సందులోంచి చూశాను, గజానన్‌రావు నవ్వు ముఖం మీదే ఉంది గానీ కళ్లు దాన్ని వదిలేసి పోయాయి. కాదనడానికి లేదు. ఆయన ఇంట్లో తల్లి అనుసూయాబాయి మాటే చట్టమని, ఆయన భార్య నెత్తి మీద కొంగు లేకుండా వాకిట్లోకి రాదని ధర్మాబాద్ బజారంతటికీ తెలుసు.

కైలాశ్ మాత్రం తెలివితక్కువవాడు కాదు.

"సరే, కోడండ్లు గప్పుకోండ్రి," అన్నాడు. "సాక్షి కోడలు గాదు గదా, ఈ ఊరి ఆడబిడ్డ! అన్న ముంగట చెల్లెకు కొంగెందుకు? రా సాక్షీ, అన్న చేతికెల్లి కిట్టు తీస్కో రా."

నిజమే. ఎవరిని దాచాలని మా అత్త ఇంత నాటకం ఆడిందో ఆ పిల్ల ఒక్కతే ముఖం కనబడేలా ఎండలో నిలబడి ఉంది. నేను ముందుకు కదలబోయాను. ఉమాబాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

సాక్షి నడుచుకుంటూ బల్ల దగ్గరికి పోయింది. గజానన్‌రావు కిట్టు ఎత్తి చాపాడు. అది కిట్టు అందుకోలేదు. బల్ల మీది మైకు తీసుకుంది.

"అన్నా," అంది.

గొంతు పెంచలేదు. ఇంట్లో నాగనాథ్‌తో మాట్లాడినట్టే ఉంది.

"అన్నా, నువ్వు మంచి మాట చెప్పినవు. మరి నీ చెల్లె బొమ్మ ఏడాది సంది నాందేడ్ల బస్టాండు ముంగట కట్టి ఉన్నది. కింద గరజూ అని రాసి ఉన్నది. ఎవలన్న సొంత చెల్లె బొమ్మ కింద గట్ల రాసుకుంటరా? అది దించు అన్నా."

మైకు మెల్లగా బల్ల మీద పెట్టి, వచ్చి మళ్లీ నా ముందు నిలబడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"దించుతం, దించుతం," అన్నాడు గజానన్‌రావు, గడియారం చూసుకుంటూ.

కిట్లు అరుగు మీద పెట్టి పోయారు. మేం తీసుకున్నాం. ఎందుకు తీసుకోం? బావ పెట్టినవి.

ఫ్లెక్సీ దిగిందని ఆ వారంలోనే సాక్షి స్నేహితురాలు ఫోను చేసింది. ఎగిరి గంతులు వేయబోయాం. మర్నాడు కైలాశ్ ఫోను వచ్చింది.

"హాస్టల్ సీటు ఈసారి వేరే తాలూకా పిల్లకిస్తరట వహినీ. సాహెబ్ అన్నడు. నా మీద కోపానికి రాకు, నేను చెప్పెటోన్ని మాత్రమే."

నేను ముందే చెప్పలేదా అని నాగనాథ్ అంటాడేమో, అంటే తిరిగి ఏమనాలో నేను సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆయన పార తీసుకుని ఇంట్లో బురద ఎత్తడానికి పోయాడు. సాక్షి మాత్రం పొడి నవ్వు నవ్వింది.

"ఇప్పుడు పోబుద్ధయితుంది వదినా. ఇప్పుడు ఉండ జాగ లేదు."

అయినా పోయింది. కోడి కూయకముందు లేచి బిలోలి చేరి, అక్కడ నాందేడ్ బస్సు పట్టుకునేది. దీపాలు పెట్టాక ఇంటికి వచ్చేది. ప్రాక్టికల్స్ సాయంత్రం ఉంటే సగంలో వదిలేసి బస్సుకు పరుగెత్తాలి. దసరా నాటికి పిల్ల సగమైంది. బుగ్గలు పీక్కుపోయాయి, పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నచోటే నిద్రపోయేది. ఇట్లాగే సాగితే పరీక్షలు గట్టెక్కదని దానికీ తెలుసు, మాకూ తెలుసు. మేం ఒండ్రు తీసి ఆ చేలోనే జొన్న విత్తాం.

దీపావళి వచ్చింది. మా ఇంట్లో ఆ ఏడు పిండివంటల సందడి లేదు గానీ భావుబీజ్ ఎట్లా మానుతాం? ఆ రోజు అక్కచెల్లెళ్లు అన్నదమ్ములను పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టి హారతి ఎత్తుతారు. చెల్లెలు పళ్లెం పట్టుకుని ఏదైనా కోరితే అన్న లేదనకూడదు. సాక్షి నాగనాథ్‌కు హారతి ఎత్తింది. ఆయన ఉన్నదేదో పళ్లెంలో వేశాడు. అంతా అయ్యాక కూడా అది పళ్లెం కింద పెట్టలేదు.

"ఇంకో అన్న ఉన్నడు గదా," అంది.

"ఎవలు?" అన్నాడు నాగనాథ్.

"పెద్దన్న. ధర్మాబాద్ల. ఆయనకు ఎత్తకుంటె తప్పు గాదా?"

ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ముందు మా అత్త నవ్వింది, నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. "నా కడుపున పుట్టినవే పోరీ," అంది కళ్లు తుడుచుకుంటూ. తర్వాత నాకేసి తిరిగి, "రూపాలీ, పో, ఉమాబాయిని పిలువు. కోడండ్లందరిని పిలువు. బావ ఇంటికి పండుగకు పోతున్నమని చెప్పు."

నాగనాథ్ వద్దంటాడనుకున్నాను. ఆయన చొక్కా మార్చుకుని వచ్చాడు.

"టెంపో నేను మాట్లాడ్త. నేను గూడ అస్త. మా అన్న ఇల్లు నేనింక జూడలే," అన్నాడు ముఖం గంభీరంగా పెట్టి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పొంగలేదు.

గజానన్‌రావు బంగళా ముందు కార్లు నిలిచి ఉన్నాయి. గేటు దగ్గర మనిషి ఎవరు మీరని అడ్డం వచ్చాడు. "పెద్దకొడుకు ఇంటికి అచ్చిన, నువ్వెవడివి?" అంది మా అత్త. వాడు పక్కకు జరిగాడు. నెత్తిన కొంగులతో అందరం వరసగా లోపలికి పోయాం.

హాలు నిండా చుట్టాలు, ఊరి పెద్దలు. ఆయన అసలు చెల్లెళ్లు అప్పుడే హారతులు ముగించి ఫలహారాల దగ్గర ఉన్నారు. ఉయ్యాలబల్ల మీద తెల్లటి చీరలో బక్కపలచని ముసలామె, అనుసూయాబాయి.

"ఎవలు బిడ్డా మీరు?"

"అన్నకు హారతి ఎత్తనీకి అచ్చిన అవ్వా," అంది సాక్షి. "మొన్న వానలల్ల మా బడి ముంగట మా అన్ననని చెప్పిండు."

"నా కొడుకా? ఎవలతోని చెప్పిండు?"

"మైకుల చెప్పిండమ్మా," అంది మా అత్త. "నాకు చెముడు. నాకోసం రెండుసార్లు చెప్పిండు."

అనుసూయాబాయి మా కొంగుల వరసంతా ఒకసారి చూసింది. ఏమనుకుందో ఏమో, కోడలి వైపు తిరిగి, "పీట మల్ల ఎయ్యి," అంది.

అంతలో గజానన్‌రావు లోపలినుంచి వచ్చాడు. మమ్మల్ని చూసి గుమ్మంలోనే నిలిచిపోయాడు. వెనకాలే కైలాశ్. అతనికి నవ్వాలో దాక్కోవాలో తెలియడం లేదు.

"కూసో," అంది తల్లి.

"అమ్మా, వీళ్లు..."

"చెల్లె పళ్లెం వట్టుకోని నిలవడ్డది. కూసో."

కూర్చున్నాడు. సాక్షి బొట్టు పెట్టింది, నెత్తిన అక్షింతలు వేసింది, దీపం తిప్పింది. ఆయన జేబులోంచి ఒక నోటు తీసి వేయబోయాడు. సాక్షి పళ్లెం వెనక్కి తీసుకుంది.

"పైసలు వద్దన్నా."

"మరేం గావాలె బిడ్డా?" ముసలామె అడిగింది.

"నా సీటు అవ్వా. హాస్టల్ల సీటు ఇచ్చిండు. బొమ్మ దించమన్ననని మల్ల తీస్కున్నడు."

అనుసూయాబాయి కొడుకు వైపు తిరిగింది. కోపం కన్నా ఎక్కువ ఏదో ఉంది ఆ ముఖంలో. నాకు ఆమె మీద జాలి కలిగింది.

"ఆడబిడ్డకు పెట్టింది వాపసు తీస్కున్నవా గజ్జూ?"

"అట్ల గాదమ్మా. ట్రస్టుల రూల్సు..."

"తీస్కున్నవా, లేదా?"

ఆయన తల వంచుకున్నాడు. "ఇచ్చేస్త," అన్నాడు. "సీటు ఆమెదే. సోమవారం రమ్మను." అని తల ఎత్తాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, కళ్లతోనే కైలాశ్‌కు సైగ చేశాడు. కైలాశ్ ఫోను ఎత్తాడు.

"దించురా దాన్ని!" అంది ముసలామె. "ఇంట్ల ఆడబిడ్డకు పెట్టేది ఊరందరికి చూపిచ్చుకుంటరా ఎవలన్న? సిగ్గు లేదూ?"

ఫోను దిగింది. ఇక లేద్దామని గజానన్‌రావు పీట మీద చెయ్యి ఆనించాడు. సాక్షి మాత్రం పళ్లెం పట్టుకుని అట్లాగే నిలబడి ఉంది.

"ఆ హాస్టల్ల ఇంక మస్తు మంది పోరీలున్నరన్నా, నువ్వు సీట్లిచ్చినోళ్లు. వాళ్ల బొమ్మలు గూడ ఏడ గట్టద్దు. వాళ్లు గూడ నీ చెల్లెండ్లే గదా?"

ఆయన తల్లిని చూశాడు. తల్లి ఆయన్ను చూస్తూనే ఉంది.

"ఊఁ," అన్నాడు.

"గట్టిగ అను," అంది అనుసూయాబాయి.

"ఊఁ."

ఆ ఊఁకు ఫొటో లేదు. కొంగుల కింద నుంచి మేమందరం విన్నాం.